రెండు ఆఖరి స్టేషన్ల నడుమ

కోటిపల్లిలో ఒక రైలుదారి ఆగిపోతుంది. నరసాపురంలో ఇంకొకటి ఆగిపోతుంది. ఈ రెండు ఆఖరి స్టేషన్లను కలపడానికి వేయదలచిన దారి 57 కిలోమీటర్లు. ఆ నడుమనే గౌతమి, వైనతేయ, వశిష్ఠ అనే మూడు గోదావరి పాయలున్నాయి, అమలాపురం ఉంది, రాజోలు ఉంది, అసలు కోనసీమంతా అక్కడే ఉంది. రైలు వెళ్లవలసిన ఆ దారినే బస్సులో, ఏరు దాటించే పంటులో, ఆటోలో వెళ్లి చూడాలని చాలాకాలంగా మనసులో ఉంది. వరదలు తగ్గి, ఏరు తేటపడ్డాక కాకినాడలో బస్సెక్కాను.

కాకినాడ టౌన్ నుంచి కోటిపల్లికి రైలుదారి 45 కిలోమీటర్లు. కొవ్వాడ, అరట్లకట్ట, కరప, వాకాడ, వేళంగి, నరసాపురపుపేట, రామచంద్రపురం, ద్రాక్షారామం, కుందూరు, గంగవరం. ఈ పేర్లు వరసగా చదువుకుంటూ పోతే చాలు, ఆ దారి ఎందుకు వేశారో అర్థమవుతుంది. రెండు పక్కలా వరిచేలు. నడుమ రైసుమిల్లుల ఊరు రామచంద్రపురం. ఆ తర్వాత పంచారామాల్లో ఒకటైన ద్రాక్షారామం. చివర గౌతమి ఒడ్డున కోటిపల్లి రేవు. మొదట కాకినాడ ఓడరేవు. ధాన్యం ఒకవైపు, యాత్రికులు ఇంకోవైపు. కోనసీమ జనం ఏరు దాటి వచ్చి బండెక్కే చోటు చివరన.

ఈ దారి 1928లో వేశారు. పన్నెండేళ్లు నడిచింది. 1940లో, రెండో ప్రపంచ యుద్ధం సాగుతుండగా, ఇనుము యుద్ధానికి కావాలని పట్టాలు పీకేశారు. ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా ఇక్కడ రైలు లేదు. మళ్లీ 2004లో పట్టాలు పడ్డాయి.

ద్రాక్షారామంలో టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయనతో ఈ మాట కదిపాను. ఆయన పుట్టేసరికే పట్టాలు లేవు. "మా నాయనమ్మ చెప్పేదండి. తీర్థానికి రైల్లో ఎల్లేవోళ్లంట. ఓ రోజు మనుషులొచ్చి పట్టాలూడదీసుకుని పట్టుకెళ్లిపోయారంట. కట్ట మాత్రం మిగిలింది. మేం చిన్నప్పుడు ఆ కట్ట మీదే గేదెల్ని తోలుకెళ్లేవోళ్లం." రైలు చూడని పిల్లలు రైలుకట్ట మీద పెరిగారన్నమాట. ఎక్కడో ఐరోపాలో మొదలైన యుద్ధం కరప, వేళంగి లాంటి ఊళ్ల నుంచి కూడా తన వాటా తీసుకుపోయిందని తెలిస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇది మన ఒక్కరికే జరగలేదు. అమెరికా రైల్వే చరిత్రలో అన్నిటికంటే పేరున్న చోటు యూటా రాష్ట్రంలోని ప్రొమాంటరీ. తూర్పు నుంచి ఒక కంపెనీ, పడమటి నుంచి ఒక కంపెనీ వేసుకుంటూ వచ్చిన పట్టాలు 1869 మే 10న అక్కడ కలిశాయి. బంగారు మేకు దిగ్గొట్టిన ఆ ఘట్టాన్ని అమెరికా బడిపిల్లలు ఇప్పటికీ చదువుతారు. 1904లో ఉప్పు సరస్సు మీదుగా దగ్గరిదారి పడేసరికి ఆ చోటుకు ప్రాధాన్యం పోయింది. 1942లో ఆ పట్టాలనూ యుద్ధం కోసమే పీకేశారు. మహాదేశాన్ని కలిపిన దారికీ మన కోటిపల్లి దారికీ పట్టిన గతి ఒక్కటే, రెండేళ్ల తేడాతో.

పోలిక అంతవరకే. అక్కడ రైలు కోసమే ఊళ్లు పుట్టాయి. 1862 చట్టంతో ప్రభుత్వం రైలు కంపెనీలకు దారి పొడుగునా భూములిచ్చింది. ఆవిరి ఇంజనుకు నీళ్లూ బొగ్గూ పట్టాలి కాబట్టి ఇంత దూరానికొక స్టేషను పెట్టారు. స్టేషను చుట్టూ వీధులు గీసి, స్థలాలు అమ్మి ఊరు చేశారు. షయాన్ అనే పట్నాన్ని 1867లో అలాగే ముందు నేలమీద గీశారు, రైలు ఆ ఏడాదే తర్వాత వచ్చింది. నెబ్రాస్కాలో బర్లింగ్టన్ కంపెనీ దారి మీద ఊళ్ల పేర్లు ఇంగ్లిషు అక్షరాల వరసలో సాగుతాయి: క్రీట్, డార్చెస్టర్, ఎక్సెటర్, ఫెయిర్‌మాంట్, గ్రాఫ్టన్, హార్వర్డ్. ఊరికి పేరు పెట్టడానికి కూడా అక్కడ కంపెనీకి ఒక పట్టిక సరిపోయింది.

కోటిపల్లికి పేరు ఏ కంపెనీ పెట్టలేదు. పట్టా పడకముందు ఎన్నో వందల ఏళ్ల నుంచి అది క్షేత్రం. సోమేశ్వరస్వామి గుడి, గుడికెదురుగా గౌతమి, శివరాత్రికి తెల్లవారుజామునే స్నానాలకు దిగే జనం. రైలు ఆ ఊరికి వచ్చిన యాత్రికుల్లో ఒకటి, అంతే. వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. ఊరు మాత్రం రేవును నమ్ముకుని అక్కడే ఉంది.

స్టేషను చిన్నది. ప్లాట్‌ఫారం మీద ఎండ, చెట్ల కింద ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు. 2004 తర్వాత ఇక్కడికి ఒక్క పెట్టె రైలుబస్సు కొన్నేళ్లు నడిచింది. బస్సు కంటే చవక, బస్సు కంటే నెమ్మది. జనం పెద్దగా ఎక్కలేదని అంటారు. ఎందుకెక్కుతారు? ఏరు దాటని రైలు రేవు దాకా తెచ్చి వదిలేస్తుంది. కాకినాడలో పనున్న అమలాపురం మనిషి పంటు దాటి, స్టేషనుకు నడిచి, రోజుకు ఏ ఒకటి రెండుసార్లో వచ్చే బండి కోసం కూర్చోడు. యానాం మీదుగా బస్సులో పోతాడు. సగం వేసిన దారి మీద జనం లేరని చెప్పి మిగతా సగం వేయకపోవడం న్యాయం కాదు. 2020 లాక్‌డౌన్లో దేశమంతటా పాసెంజరు బళ్లు ఆగిపోయినప్పుడు ఆ రైలుబస్సు కూడా ఆగిపోయింది.

2022 ఏప్రిల్‌లో కొత్తగా కోనసీమ జిల్లా ఏర్పడినప్పుడు రామచంద్రపురం, ద్రాక్షారామం, కోటిపల్లి కూడా అందులో చేరాయి. ఆ లెక్కన కోనసీమ జిల్లాకు రైలుపట్టా ఉన్నట్టే. కానీ ఏరు అవతలి వాళ్లు, అసలైన దీవి జనం, అందులో తమ వాటా ఏదీ అని అడుగుతారు. అడగడం సబబే.

కోటిపల్లి రేవులో పంటెక్కాను. మోటారు సైకిళ్లు, ఒక కారు, కొబ్బరి మొక్కల బుట్టలు, బడికి పోయే పిల్లలు. గౌతమి ఇక్కడ చాలా వెడల్పు. నీళ్లలో నుంచి లేచిన రైలు వంతెన స్తంభాలు కనిపిస్తాయి. నేను చూసేటప్పటికి వాటి మీద దారి పడలేదు. పంటు మీద టిక్కెట్లు కోసే మనిషి నన్ను చూసి తనే పలకరించాడు.

"స్తంభాలు చూత్తన్నారాండి? కొత్తవాళ్లందరూ వాటికే ఫొటోలు తీత్తారు."

"రైలొస్తే మీ పంటుకు జనం తగ్గుతారేమో కదా?"

"ఆయ్, తగ్గుతారండి. అయినా రావాలండి. మావోడు హైదరాబాదులో చేత్తన్నాడు. పండక్కి రావాలంటే రాజమండ్రిలో దిగి, మళ్లీ బస్సులు పట్టుకుని, ఏరు దాటి ఇంటికొచ్చేతలికి మద్దానం అయిపోద్ది. మా అమ్మకి బాగోకపోతే రాత్రిపూట ఈ ఏరు ఎలా దాటాలో నాకు తెలుసండి."

తన బతుకుతెరువు పోతుందని తెలిసీ రైలు రావాలన్న ఆ మాటకు విలువ కట్టడం కష్టం.

రాజమండ్రి దగ్గర అఖండ గోదావరి మీద 1900లో హేవలాక్ వంతెన తెరిచారు. 1974లో రోడ్డు–రైలు వంతెన వచ్చింది. 1997లో ఆర్చి వంతెన వచ్చింది. ఒకే రేవు దగ్గర వందేళ్లలో మూడు రైలు వంతెనలు. ధవళేశ్వరం దిగువన ఏరు పాయలుగా విడిపోయాక సముద్రం దాకా రైలు దాటే వంతెన ఒక్కటీ లేదు. మద్రాసు–కలకత్తా దారికి గోదావరిని ఒక్కసారి దాటడం చాలు. దీవిలో ఉన్నవాళ్లకే ప్రతి పాయా దాటాలి. రైలు డెల్టాకు ఎగువనుంచి ఒరుసుకుపోయింది, దీవిలోకి రాలేదు.

ముక్తేశ్వరంలో దిగాక కాలువగట్టు వెంట ఆటోలో వెళ్తుంటే, పాతరోజుల్లో ఇక్కడివాళ్లు రైలెందుకు అడగలేదో కళ్లముందే ఉంటుంది. కాలువ. 1847లో మొదలై 1852కు పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లను మాత్రమే ఇవ్వలేదు, దారిని కూడా ఇచ్చింది. ఆర్థర్ కాటన్ తవ్వించిన కాలువల్లో పడవలు నడిచాయి. కోనసీమ కొబ్బరికాయ, ధాన్యం, బెల్లం పడవ మీద కాకినాడ పోయేవి. కాలువలనే పట్టుకుని ఏలూరు, బెజవాడ, ఆపైన కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు దాకా నీటిదారి ఉండేది. 1878లో ఇంగ్లండు పార్లమెంటు కమిటీ ముందు కాటన్ వాదించింది ఇదే: ఈ దేశానికి రైళ్ల కంటే నీటిదారి చవక, పొలానికి నీరూ అదే ఇస్తుంది. ఆయన మాటకు పూర్తి రుజువు కావాలంటే కోనసీమ చూస్తే చాలు. నెబ్రాస్కాలో రైలు చేసిన పని ఇక్కడ కాలువ చేసింది. లాకులున్న చోట సంతలు పెరిగాయి, పడవలాగే చోట ఊళ్లు పెరిగాయి.

కానీ పడవలు పోయాయి. లారీలు వచ్చాక కాలువలు సాగునీటికే మిగిలాయి, చాలాచోట్ల తూడు పట్టాయి. 2008లో కాకినాడ–పుదుచ్చేరి నీటిదారిని నాలుగో జాతీయ జలమార్గమని ప్రకటించారు. నేను వెళ్లిన దారిలో మాత్రం సరుకు పడవ ఒక్కటి కూడా కనపడలేదు. కాలువ తన పని మానేసింది, రైలు తన పని మొదలుపెట్టలేదు. కోనసీమ రవాణా కష్టమంతా ఈ రెంటి మధ్య ఖాళీలోనే ఉంది.

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టులో కాసేపు ఆగాను. వలిచిన కాయల రాశులు, పీచు గుట్టలు, బస్తాలెత్తే లారీలు. ఇక్కడి కాయ గుజరాత్, రాజస్థాన్, మహారాష్ట్ర దాకా పోతుంది. ఒక వర్తకుడు తన లోడు వెళ్లే దారి చెప్పి, "కాయ మీద మాకు మిగిలేదేటో లారీ కిరాయే చెప్తాదండి. డీజిలు పెరిగితే దింపు తీసేవోడికి తగ్గించలేం, రైతుకే తగ్గుద్ది" అన్నాడు. చెట్టెక్కి దింపు తీసే మనిషి, కాయ వలిచే మనిషి, రైతు, వర్తకుడు అందరి లెక్కా చివరికి ఆ లారీ చక్రం మీదే ఆనుతోంది. వెయ్యి మైళ్లు పోయే బరువైన సరుకుకు రైలు కంటే తగిన బండి ఏముంది?

అమలాపురం చేరేసరికి సాయంత్రమైంది. గడియార స్తంభం దగ్గర జనం, బస్టాండులో హైదరాబాదు ప్రైవేటు బస్సుల వరస. ఈ ఊళ్లో రైలు మాట ఎత్తితే జి.ఎం.సి. బాలయోగి పేరు రాకుండా ఉండదు. 1951లో ఎదుర్లంకలో పుట్టారు. అమలాపురం నుంచి ఎన్నికై 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు. ఆ పదవికెక్కిన మొదటి దళితుడు ఆయన. కోటిపల్లి–నరసాపురం దారి 2000–01లో, మమతా బెనర్జీ రైల్వే మంత్రిగా ఉన్నప్పుడు మంజూరైంది. వెనక ఉన్న పట్టుదల ఆయనది. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు కూలి చనిపోయారు. యానాం–ఎదుర్లంక మధ్య గౌతమి మీది రోడ్డు వంతెన ఇప్పుడు ఆయన పేరుతోనే ఉంది. ఏటి ఒడ్డున పుట్టిన పిల్లవాడికి వంతెన ఎంత అవసరమో ఇంకొకరు చెప్పక్కర్లేదు. రోడ్డు వంతెన మీద బస్సులు పోతున్నాయి. రైలు మాత్రం ఆయన తర్వాత ఎందరు ఎంపీలు మారినా, ఎన్ని బడ్జెట్లు పోయినా రాలేదు. భూసేకరణ అన్నారు, రాష్ట్రం తన వాటా పావలా ఇవ్వాలన్నారు, అంచనాలు పెరిగాయన్నారు. ప్రతి ఆలస్యమూ అంచనాను పెంచింది, పెరిగిన అంచనా ఇంకో ఆలస్యానికి కారణమైంది.

మర్నాడు పి.గన్నవరం వెళ్లాను. రైలు అటు పోదు, అయినా ఈ ప్రయాణంలో అది చూడకపోతే లోటే. వైనతేయ పాయ మీద నీటికి కట్టిన వంతెన అక్కడుంది. 1850ల మొదట్లో, 49 ఖానాలతో, కాలువను ఏటి మీదుగా దాటించి రాజోలు దీవికి నీరిచ్చారు. కింద ఏరు, పైన కాలువ. ఆవిరి యంత్రాలు ఇక్కడ కొత్త, సిమెంటు లేదు, సున్నమూ రాయీ ఇటుకా. ఒకటిన్నర శతాబ్దం పనిచేశాక, 2000లో పక్కనే కొత్తది వచ్చింది. దానికి ఆకలన్నవాళ్లకు అన్నం పెట్టిన లంకల గన్నవరం తల్లి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఈ గడ్డ మీద ఏరు దాటడం అసాధ్యమని ఎవరైనా చెబితే నేను ఆ పాత ఖానాల దగ్గరికి తీసుకెళ్తాను.

కష్టం లేదని కాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను చూసినవాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు. ఇసుక, ఒండ్రు నేల; గట్టి అడుగు దొరకాలంటే చాలా లోతుకు పోవాలి. 1996 నవంబరు 6 తుపాను ఒక్క రాత్రిలో కొబ్బరితోటలను పడగొట్టి ఊళ్లను విడదీసింది. ఇవన్నీ తెలిసే వంతెన కట్టాలి, కట్టగలరు.

బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటితే పాశర్లపూడి. 1995 జనవరి 8న ఇక్కడ ఓఎన్‌జీసీ బావి బద్దలై మంటలేచాయి. 65 రోజులు ఆరలేదు. రాత్రులు చదువుకోవడానికి దీపం అక్కర్లేనంత వెలుగని ఆనాటి పిల్లలు, ఇప్పటి పెద్దలు చెబుతారు. ఆ పక్కనే నగరం. 2014 జూన్ 27 తెల్లవారుజామున గ్యాసు పైపు పేలి నిద్రలోనే జనం కాలిపోయారు. ఇంకాస్త ముందుకెళ్తే తాటిపాక, అక్కడ చమురు శుద్ధి కేంద్రం.

ఈ మూడు ఊళ్లూ దాటేటప్పుడు నాకు కోపం వచ్చింది, దాచుకోను. ఈ నేల కింద గ్యాసు దొరికిందని తెలియగానే పైపులు పొలాలు చీల్చుకుంటూ, కాలువలు దాటుకుంటూ, ఏళ్ల కింద నుంచి పోయాయి. వాటికి భూమి దొరికింది, డబ్బు దొరికింది, ఇంజనీర్లు దొరికారు. అదే నేల మీది మనిషికి ఒక రైలుదారి వేయడానికి పాతికేళ్లు చాలలేదు.

రాజోలు, శివకోడు, దిండి. వశిష్ఠ మీద చించినాడ వంతెన దాటాక పశ్చిమ గోదావరి. అక్కడి నుంచి నరసాపురం దగ్గరే. ఆ స్టేషన్లో హైదరాబాదు బండి నిలబడి ఉంది. ఎక్కుతున్నవాళ్లలో సగం మంది రాజోలు వైపు వాళ్లని మాటతీరు చెబుతోంది. కోనసీమ రైలు జనం ఇలాగే నరసాపురం, పాలకొల్లు, రాజమండ్రి, కాకినాడ స్టేషన్లలో విడివిడిగా ఎక్కుతుంటారు. అందుకే ఏ లెక్కలోనూ కోనసీమ ప్రయాణికులని కనపడరు.

ఒక్క విషయం రైల్వేవాళ్లు మరవకూడదు. డెల్టా చాపలా చదునైన నేల. వాన కురిస్తే నీరు పోవడానికి కౌశిక లాంటి మురుగు కాలువలే దిక్కు. అవి పూడిపోయి, చేలు మునిగి, గిట్టుబాటు లేక 2011లో కోనసీమ రైతులు పంటవిరామమే ప్రకటించారు. అటువంటి చోట అడ్డంగా రైలుకట్ట పోస్తే, చాలినన్ని ఖానాలు లేకపోతే, కట్టకు ఎగువనున్న ఊళ్లు ప్రతి వానకూ మునుగుతాయి. ఎక్కడెక్కడ నీరు నిలుస్తుందో ఆయా ఊళ్ల రైతులను అడిగి తూములు పెట్టాలి. రైలు కావాలనే నేను ఈ షరతు మీద మాత్రం పట్టు విడవను.

ఇక మూడు వంతెనలూ ఒకేసారి పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు. గౌతమి ఒక్కటి దాటితే కాకినాడ నుంచి అమలాపురానికి బండి నడపవచ్చు. వైనతేయ, వశిష్ఠ తర్వాత కలుపుకోవచ్చు. అమెరికాలో కూడా పట్టా పడినంత మేర బండి నడుపుకుంటూనే ముందుకెళ్లారు. ముందు గౌతమి వంతెన పూర్తిచేసి, అమలాపురానికి ఒక పాసెంజరు బండి, ఒక సరుకు బండి నడపండి. ఈ మాట ఎంపీలకు, ఎమ్మెల్యేలకు, రైల్వే అధికారులకు ఉత్తరాలుగా రాయమని కోనసీమలో ఉన్నవాళ్లనూ, కోనసీమ విడిచి దూరాన ఉన్నవాళ్లనూ కోరుతున్నాను.